పడౌక్ మీద తెల్లరంగు

రంగత్,
జనవరి 9, 2025.

చిరంజీవి సౌభాగ్యవతి లహరికి,

మీ అమ్మ అసిరమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ నాన్న, సాగరిక పాప, నేను బాగానే ఉన్నాం. వండూర్‌లో నువ్వు, ఓడ మీద అల్లుడు ప్రవీణ్‌కుమార్ గారు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్లో నువ్వు నా మాట పూర్తి కానివ్వవు. మీ నాన్నేమో స్పీకరు పెట్టి వీధి వీధంతా వినిపిస్తాడు. ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యడం కుదరదు. పైగా నీ తెలుగు చదువు చీమ నడక. మెల్లగానే చదువు, నాకూ అదే కావాలి.

ముందు పాప సంగతి. చేతి వాపు పూర్తిగా తీసింది. కుట్టిన చోట రెండు నల్ల చుక్కలు మాత్రం మిగిలాయి. ఎవరు కనబడినా చెయ్యి చాపి చూపించి, జెర్రి కరిచిందని తన హిందీలో, జెర్రి నే కాటా అంటోంది, అదేదో పండగకు పెట్టించుకున్న గోరింటాకైనట్టు. అన్నం తింటోంది. రాత్రి ఉలిక్కిపడటం తగ్గింది. ఆ ఉలికిపాటు ఇప్పుడు నాకు పట్టుకుంది.

నువ్వు పాపను చూసి తిరిగి బస్సెక్కుతూ అన్న మాట నా చెవిలోనే ఉండిపోయింది. "ఏం తిరుగుతోందో కనబడని వంటింట్లో నా కూతుర్ని ఉంచనమ్మా. ఫిబ్రవరిలో వచ్చి తీసుకుపోతాను" అన్నావు. నేను తిరిగి ఒక్క మాట అనలేదు, చూశావా? మీ నాన్న ఇప్పటికీ ఆశ్చర్యపోతున్నాడు. నోరు లేక కాదు. బిడ్డ చెయ్యి బూరెలా వాచిపోయి ఏడుస్తుంటే ఏ నోటితో మాట్లాడను?

జెర్రి కుట్టిన రోజు నేను అక్కడే ఉన్నాను కదా. పొయ్యి దగ్గర నిలబడ్డాను, ఆ కబోర్డు నాకు చెయ్యి చాచినంత దూరం. పాప బిస్కెట్ల డబ్బా కోసం తలుపు పట్టుకుంది. జెర్రి అప్పటికే ఆ తలుపు మీద ఉండి ఉండాలి. మన అండమాన్ దీవుల జెర్రి సంగతి నీకు చెప్పాలా, జానెడుకు తక్కువ ఉండదు. అయినా నాకు కనబడలేదు. ఎలా కనబడుతుంది? చెక్క ఎరుపూ నలుపూ కలిసిన రంగు, అదీ అదే రంగు. పొగ పట్టి, నూనె జిడ్డు పట్టి ఆ పడౌక్ కర్ర ఎప్పుడో నల్లబడిపోయింది. తప్పంతా ఆ కర్రది.

భయంగా ఉంది, లహరీ. దాచుకోవడం ఎందుకు. పప్పు డబ్బా తియ్యాలంటే ముందు గరిటెతో తలుపు మీద టకటకా కొడుతున్నాను. చెప్పులు దులపకుండా కాలు పెట్టడం లేదు. చీర కుచ్చిళ్ళు పాదానికి తగిలినా కేక పెడుతున్నాను. పాప ఏదైనా అడిగితే దాన్ని గుమ్మం బయటే నిలబెట్టి, కబోర్డులోకి నా చెయ్యి పెట్టి, చేతికి తగిలిందేదో పట్టుకుని బయటపడుతున్నాను. మొన్న అలాగే పంచదారనుకుని ఉప్పు తెచ్చాను. పాలు తాగి పాప మొహం పెట్టిన తీరు చూడాల్సింది, మీ నాన్న పడీ పడీ నవ్వాడట. ఇంకో భయం కూడా ఉంది, అది నీకు తెలుసు. పొద్దున లేవగానే నా మెడ చుట్టూ చేతులు వేసి ఆకలి అనే పిల్ల లేకపోతే, నేను ఎవరికోసం లేవాలి?

అందుకని ఒక ఆలోచన చేశాను. కబోర్డులన్నిటికీ తెల్లరంగు వేయిస్తున్నాను. లోపలా, బయటా, అరలకూ, తలుపులకూ. తెలుపు మీద ఏది పాకినా కనబడి తీరాలి.

మీ నాన్న సంగతి తెలుసుగా. ఫారెస్టు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి పర్మిట్ తెచ్చుకుని, ఆ పడౌక్‌ను తన చేత్తో చిత్రిక పట్టి చేసుకున్న కబోర్డులవి. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు ఆ తలుపులు చూపిస్తాడు. రంగు మాట ఎత్తగానే కంచం ముందునుంచి లేచిపోయాడు. "పడౌక్ మీద రంగా? బంగారానికి సున్నం కొడతావా?" అన్నాడు. బంగారమైతే మెడలో వేసుకో, అందులో జెర్రులు కాపురం పెట్టకూడదు అన్నాను. సాయంత్రం పాప తాత ఒళ్ళో కూర్చుని తన చేతి చుక్కలు చూపించి, ఊదమంది. ఊదాడు. ఊది, నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో అన్నాడు.

బజార్లో గోపినాథ్ దా పెయింట్ల కొట్టుకు వెళ్ళాను. అదే, నీ చిన్నప్పుడు గాలిపటాలు అమ్మిన బెంగాలీ ఆయన. తెలుపంటే తెలుపే కదా, డబ్బా ఇచ్చెయ్యమన్నాను. ఆయన ఒక అట్ట తీసి నా ముందు పెట్టాడు. పాల తెలుపట, మంచు తెలుపట, ముత్యం తెలుపట, ఏది కావాలి దీదీ అంటాడు. అన్నీ ఒక్కటే కదా, దీన్ని ముక్కలు కోసి అంటించావేమిటి అన్నాను. ఆయన నవ్వాడు, కొట్లో ఉన్నవాళ్ళూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఏది బాగా తెలుపో అదే ఇవ్వమన్నాను.

అక్కడితో అవలేదు. మామూలు ఆయిల్ పెయింటు గట్టిదే గానీ ఎండ తగలని వంటింట్లో పోనుపోనూ పచ్చబడుతుందట. పచ్చబడితే నాకెందుకు? మరి పడవలకు వేసేది ఇమ్మన్నాను. మన ఊళ్ళో సగం గేట్లకు అదే కదా, ఉప్పుగాలికి తిరుగులేదు. కానీ దాన్ని రెండు డబ్బాల్లోంచి కలపాలి, కలిపింది గడ్డకట్టేలోపు వేసెయ్యాలి, ఆ ఘాటు చిన్నపిల్ల ఉన్న ఇంట్లో వద్దన్నాడు. ఆఖరికి నీళ్ళతో కలిపే ఎనామెల్ తీశాడు. పచ్చబడదు, వాసన తక్కువ, పసుపు మరక పడినా తడిగుడ్డతో పోతుంది. కాకపోతే పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడటానికి వారాలు పడుతుంది, అందాకా రుద్దకూడదు. ఎంతకాలం ఉంటుందని అడిగాను. "ఠీక్ సే లగాయా తో, సరిగ్గా వేస్తే, మీ పాప స్కూలు చదువు అయిపోయేదాకా చూడక్కర్లేదు దీదీ" అన్నాడు. ఆ మాట వినగానే ఇంకేమీ అడగకుండా తీసుకున్నాను.

రంగు వెయ్యడానికి నూకన్నను పిలిచాను. కాబట్టి తల్లీ, ఫిబ్రవరి అని గీత గీసి కూర్చోకు. అంతా అయ్యాక వచ్చి నీ కళ్ళతో చూడు, తర్వాత మాట్లాడు. అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటంటావేమో, ఇంట్లో పెన్నులన్నీ పాప దాచేసింది, దాని స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకుని చదువుకో. పొద్దుటి బస్సు డ్రైవరు చేతికి ఇస్తాను, బస్సులను అడవి దాటించే కాన్వాయ్ టైముకు అందితే సాయంత్రానికి నీ దగ్గర ఉంటుంది.

నీ కోపాన్ని కూడా దీవిస్తూ,
అమ్మ,
అసిరమ్మ.


రంగత్,
జనవరి 21, 2025.

చిరంజీవి లహరికి,

అమ్మ ఆశీస్సులు. అందరం బాగున్నాం. బాగున్నాం అని రాయగలిగేదాకా ఆగి మరీ రాస్తున్నాను, అందుకే ఆలస్యం.

నీ మెసేజ్ మీ నాన్న చదివి వినిపించాడు. రంగు వేస్తే జెర్రులు చచ్చిపోతాయా అని అడిగావు. చావవు, కనబడతాయి. కనబడితే నేను చంపుతాను.

నూకన్న వచ్చాడు. గరుకు కాగితంతో పైపైన గీకి, ప్రైమర్‌లో ధారాళంగా థిన్నరు పోసి ఒక పూత వేసి, రేపొస్తానని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున పాప పళ్ళు తోముకుంటూ వంటింట్లోకి తొంగి చూసింది. "అమ్మమ్మా, కబోర్డుకి ఖూన్ వస్తోంది" అంది.

కబోర్డుకి రక్తమేమిటి, పిచ్చి వాగుడనుకున్నాను. ఎదురుగా నిలబడి చూస్తే నాకు ఏ తేడా కనబడలేదు. తల ఓ పక్కకు తిప్పి చూసేసరికి కనబడింది. తెల్లటి తలుపుల మీద పైనుంచి కిందిదాకా ఎర్రెర్రగా మరకలు. గాయానికి కట్టిన గుడ్డలోంచి ఊరినట్టు ఊరుతోంది. నీకు తెలుసు కదా, నేను శకునాలు పట్టించుకునే మనిషిని కాను. పిల్లి ఎదురొస్తే దానికి పాలు పోసి పంపేదాన్ని. అలాంటిది పాపను ఎత్తుకుని పెరట్లోకి పరిగెత్తాను.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే పాపకు ఒళ్ళు కాలిపోయింది. ఇంకేముంది, విషం ఒంట్లోంచి పోలేదు, ఇల్లు ముందే చెప్పింది, నేనే వినలేదు అనుకున్నాను. ఆసుపత్రిలో బల్ల మీద కూర్చుని మొక్కని దేవుడు లేడు. డాక్టరమ్మ చూసి, విషమూ లేదు గిషమూ లేదు, జలుబు జ్వరం అంది. మర్నాటికి తగ్గింది. ఇప్పుడు తాత వీపెక్కి గుర్రం ఆడుతోంది. బ్యాగు సర్దుకోకు, నిజంగానే తగ్గింది.

ఇక ఆ ఎరుపు సంగతి విను. మీ నాన్నకు ముందే తెలుసు! పడౌక్ చెక్కలోనే ఆ రంగు ఉంటుందట, థిన్నరు తగిలితే కరిగి పైకి వస్తుందట. ఇన్నేళ్ళు వడ్రంగం చేసిన మనిషికి తెలియకుండా ఉంటుందా? ముందే చెప్పలేదేమంటే, ఆ మరకలు చూసి విసుగొచ్చి మానేస్తావనుకున్నాను అన్నాడు. ఈ మనిషితో ఇన్నాళ్ళు ఎలా వేగానో ఆ పైవాడికే తెలియాలి. నోటికొచ్చినట్టు తిట్టాను.

కానీ ఆ ఎరుపు చూసి పాప వంటింట్లోకి రానని ఏడ్చింది. గుమ్మం దాటించబోతే తాత మెడ కరుచుకుపోయింది. అప్పుడు కదిలాడు మీ నాన్న. నూకన్నను పంపేశాడు. తలుపులన్నీ ఊడదీసి పెరట్లో బల్లల మీద పరిచాడు. సోడా వేసిన నీళ్ళతో జిడ్డు కడిగి, తను అద్దంలా పాలిష్ పట్టిన చెక్కను తనే గరుకు కాగితంతో రుద్దాడు. దాని మీద వెండిరంగు వేశాడు. గేట్లకూ పైపులకూ వేస్తారే, అదే. అది బాగా ఆరితే కింది ఎరుపును పైకి రానివ్వదట. దాని మీద తెల్ల ప్రైమరు, ఆ మీద మన ఎనామెల్, పల్చపల్చగా, ఒకటి ఆరాక ఇంకోటి. తొందరపడి మందంగా వేస్తే పొరలు పొరలుగా ఊడుతుందని చెప్పాడు. రుద్దుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. నేను టీ తీసుకెళ్ళి పక్కన పెట్టి వచ్చేశాను.

ఆయన కోసమైనా నీ మనసు మార్చుకో లహరీ. ఆయన ఎవరి మాటకూ అంత పని చెయ్యడు.

పెరట్లో పరిచిన తలుపులకు ఈగలు తోలుతూ,
అమ్మ.


రంగత్,
ఫిబ్రవరి 4, 2025.

బంగారు తల్లి లహరికి,

అమ్మ, నాన్న దీవిస్తున్నారు. పాప ఫ్లయింగ్ కిస్ ఇచ్చింది, అది కవర్లో పట్టదు గనుక రాస్తున్నాను.

పూర్తయింది. తలుపులన్నీ మళ్ళీ బిగించాడు. వంటిల్లు ఆసుపత్రిలా ఉందని మీ నాన్న అంటాడు గానీ, వచ్చిన వాళ్ళకు చూపించడం మాత్రం మానలేదు. కింద పడౌక్ ఉంది తెలుసా అని ప్రతి ఒక్కరికీ చెబుతాడు. ఒక్క ఎర్ర చుక్క పైకి రాలేదు. మినపగింజ అంటుకున్నా కనబడుతుంది, ఇక జెర్రి ఎక్కడ దాక్కుంటుంది? గట్టిపడేదాకా తడిగుడ్డ కూడా తగలనివ్వడం లేదు నేను. పాప పెన్నులన్నీ గూట్లో పెట్టేశాను, దానికి తెల్లగా ఏది కనబడినా ఏనుగును గియ్యాలనిపిస్తుంది.

భయం పోయిందని రాయాలని ఉంది. సగం పోయింది అని రాస్తాను. తలుపు మీద గరిటెతో కొట్టడం మానలేకపోతున్నాను. నిన్న తెరిచి ఉన్న తలుపుకు వెళ్ళి నుదురు కొట్టుకున్నాను, బొప్పి కట్టింది. కొత్త రంగు కదా, ఇంకా అలవాటు పడలేదు.

నువ్వు అడిగింది చేశాను. ఏం తిరుగుతోందో కనబడని వంటిల్లు అన్నావు. ఇప్పుడిది కనబడే వంటిల్లు. వండూర్‌లో నువ్వు టికెట్ కౌంటర్లో కూర్చుంటే పాపను ఎవరు చూస్తారు? పక్కింటి వాళ్ళా? కన్నబిడ్డ మీద నీకున్న హక్కు నేను కాదనడం లేదు. ఇక్కడే ఉండనీ అమ్మా అని అడుగుతున్నాను. నేను నిన్ను ఎప్పుడైనా ఏదైనా అడిగానా? ఇది అడుగుతున్నాను. సరే అని ఒక్క మాట మీ నాన్న ఫోనుకు పంపు, ఆ రాత్రి కంటినిండా నిద్రపోతాను.

నీ సరే కోసం ఎదురుచూసే
అమ్మ.

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి, అంటించకుండా ఉంచాను. అంటించి ఉంటే పొద్దున్నే బస్సుకు ఇచ్చేసేదాన్ని, ఇంత అబద్ధం నీకు చేరిపోయేది.

ఇవాళ సాయంత్రం పాపకు పాలు కాచాను. పంచదార కోసం కబోర్డు తలుపు మీద చెయ్యి వేశాను. పాప నా వెనకే ఉంది. "అమ్మమ్మా, హిల్‌నా మత్. జెర్రి" అంది. కదలొద్దని అరవలేదు, మెల్లగా అంది. ఎక్కడే అన్నాను. నీ వేళ్ళ దగ్గర అంది.

చూశాను, లహరీ. కళ్ళు చించుకుని చూశాను. ఎదురుగా తెల్లటి తలుపు, దాని మీద మసకగా నా చెయ్యి. అంతే. జెర్రి లేదు. ఎక్కడుందే, ఎక్కడే అని అడుగుతూనే ఉన్నాను. మీ నాన్న పరిగెత్తుకొచ్చి నా చెయ్యి లాగేసి, చెప్పుతో కొట్టాడు. అది నేల మీద పడిన చప్పుడు విన్నాను. పాప అప్పుడు ఏడ్చింది. ఆయన తలుపు వైపు చూసి, నా వైపు తిరిగాడు. "ఇంత తెలుపు మీద కూడా కనబడలేదా నీకు?" అన్నాడు. అంత నెమ్మదిగా ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

కర్రది కాదు తప్పు. నా కళ్ళది. వానాకాలం నుంచే నాకు తెలుసు. దేన్ని సూటిగా చూస్తే దాని నడిమధ్యన మసక. చుట్టూ ఉన్నవన్నీ కనబడతాయి, చూడాలనుకున్నది కనబడదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పాపను తీసుకుపోతావని చెప్పలేదు. ఏది బాగా తెలుపో అది వేయిస్తే గట్టెక్కుతాననుకున్నాను. ఇవాళ పాప చూసింది కాబట్టి సరిపోయింది. నేను కాపలా కాస్తున్నానని మీరంతా అనుకుంటున్నారు, నాలుగేళ్ళ పిల్ల నాకు కాపలా కాస్తోంది.

శనివారం బస్సుకు రా. వచ్చి సాగరికను తీసుకుపో. నేను ఏడ్చినా పట్టించుకోకు, తీసుకుపో. దాని బట్టలు సర్దుతున్నాను. నన్ను కూడా పోర్ట్‌బ్లెయిర్ దాకా తీసుకెళ్ళి కంటి డాక్టరుకు చూపించు. ఆయన ఏం చెబుతాడోనని చాలా భయంగా ఉంది, నువ్వు పక్కన ఉండు.

బస్సులో పాపను నా ఎదురు సీట్లో కూర్చోబెట్టకు. పక్కన కూర్చోబెట్టు. ఎదురుగా ఉంటే దాని మొహం నాకు కనబడటం లేదు.